మిద్దె మీద అరగంట ఎండ: పుట్టగొడుగుల బలం పోకుండా వండుకోవడం ఎలా

"పుట్టగొడుగుల్లో మాంసానికి సమానంగా ప్రోటీన్ ఉంటుందంట కదా, పిల్లోడికి గుడ్డు మానిపించి ఇవే పెట్టొచ్చా?" అనంతపురంలో మా వీధి ఆడవాళ్లు మొదలుకొని కర్నూలు, కడపల్లో ఉండే మా బంధువుల దాకా నన్ను ఈ మాట అడగని నెల ఉండదు. దాని వెనకే ఇంకో నాలుగు ప్రశ్నలు వస్తాయి. నీళ్లలో కడిగితే బలం పోతుందా? బాగా తెల్లగా ఉన్నవే మంచివా? ఎండబెట్టి పొడి చేసి సంగటిలో కలపొచ్చా? పుట్ట మీద లేచినవి వీటికంటే మేలా? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా అన్నీ ఒకచోట రాస్తే మీ వంటింట్లో పక్కన పెట్టుకుని చూసుకుంటారని ఇది రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్తాను: గుడ్డు మాన్పించొద్దు. పప్పూ మాన్పించొద్దు. పుట్టగొడుగుల గొప్పతనం ప్రోటీన్‌లో లేదు, వేరేచోట ఉంది. ఆ వేరేదాన్ని కొనేటప్పుడు, కడిగేటప్పుడు, వండేటప్పుడు మనమే పోగొట్టుకుంటున్నాం. ఇంకొకటి, మన ఎండ పుణ్యాన ఉచితంగా వచ్చేదాన్ని అసలు వాడుకోవడమే లేదు.

ముందు లెక్క చూడండి

100 గ్రాముల పచ్చి బటన్ పుట్టగొడుగుల్లో 92 గ్రాములు నీళ్లే. మిగిలిన దాంట్లో ప్రోటీన్ 3 గ్రాములు, పీచు 1 గ్రాము, కొవ్వు లేనట్టే. కేలరీలు 22. ముత్యపుచిప్ప (ఓయిస్టర్) పుట్టగొడుగులైతే కేలరీలు 33, ప్రోటీన్ 3 గ్రాముల కంటే కాస్త ఎక్కువ, పీచు 2 గ్రాముల పైన.

"30 శాతం ప్రోటీన్" అన్న ప్రచారం ఎక్కణ్ణుంచి పుట్టిందంటే, అది నీళ్లన్నీ పోయిన ఎండు పుట్టగొడుగుల లెక్క. ఎండినవి 100 గ్రాములు కావాలంటే పచ్చివి దాదాపు కిలో కావాలి. అంగట్లో దొరికే 200 గ్రాముల పెట్టె మొత్తం మీరొక్కరే తిన్నా వచ్చేది 6 గ్రాముల ప్రోటీన్, అంటే ఒక కోడిగుడ్డంత. గుప్పెడు బుడ్డలు (వేరుశనగ గింజలు), 30 గ్రాములు, తింటే 7 గ్రాముల పైనే వస్తుంది. చెనక్కాయ పండే జిల్లాలో ఉండి ప్రోటీన్ కోసం పుట్టగొడుగుల వెంట పడాల్సిన పని లేదు. 55 కిలోల బరువున్న ఆడమనిషికి రోజుకు 46 గ్రాముల దాకా ప్రోటీన్ కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క. పుట్టగొడుగులతోనే అది నింపాలంటే రోజూ కిలోన్నర తినాలి.

మరి వీటిలో ఉన్నదేంటి? బి విటమిన్లు. 100 గ్రాముల బటన్ పుట్టగొడుగుల్లో రైబోఫ్లేవిన్, అంటే బి2, 0.4 మిల్లీగ్రాములు. పెద్ద కష్టం చేయని మగమనిషికి రోజుకు కావలసిన దాంట్లో ఇది ఐదోవంతు. అది తక్కువైతే నోటి మూలలు పగులుతాయి, నాలుక మంట పుడుతుంది. నియాసిన్, అంటే బి3, 3.6 మిల్లీగ్రాములు, ముత్యపుచిప్పల్లో 5 దాకా. జొన్నలు తినే మనకు ఈ నియాసిన్ ప్రత్యేకంగా ముఖ్యం. దక్కన్‌లో జొన్నే ప్రధానంగా తిని బతికిన పేదల్లో ఒకప్పుడు నియాసిన్ తక్కువై వచ్చే పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు దాని గుర్తులు. జొన్నలోని లూసిన్ అనే అమైనో ఆమ్లానికీ పెల్లాగ్రాకూ ఉన్న సంబంధం మీద 1960 ప్రాంతంలో హైదరాబాదులో పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ బృందం పనిచేసింది. ఇప్పుడు పప్పు, పాలు, బుడ్డలు కూడా తింటున్నాం కాబట్టి ఆ జబ్బు భయం లేదు. అయినా జొన్నరొట్టెలోకి పుట్టగొడుగుల కూర మంచి జత అని నేననేది అందుకే.

వీటికి తోడు పొటాషియం 320 మిల్లీగ్రాముల చుట్టూ, కాపర్, సెలీనియం ఉంటాయి. ఎర్గోథయోనీన్ అనే యాంటీఆక్సిడెంట్ మనం తినే తిండిలో పుట్టగొడుగుల్లోనే బాగా ఎక్కువ.

లేనివీ చెప్పాలి. కాల్షియం లేనట్టే. ఇనుము బటన్ రకంలో అర మిల్లీగ్రాము. బి12 చెప్పుకోదగినంత లేదు. రక్తం తక్కువగా ఉందని డాక్టరిచ్చిన ఐరన్ మాత్రలు ఆపేసి పుట్టగొడుగులు తినే వాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయొద్దు.

కావలసినవి

- పుట్టగొడుగులు 200 గ్రాములు (బటన్, ముత్యపుచిప్ప, పాల పుట్టగొడుగులు అనే మిల్కీ రకం, ఏవైనా)
- వెడల్పాటి చాట లేదా స్టీలు తట్ట
- పల్చటి నూలుగుడ్డ, కాగితపు సంచి
- చిల్లుల గిన్నె
- అడుగు మందంగా ఉన్న వెడల్పాటి బాండ్లి, ఇనుపదైతే ఇంకా మేలు
- చిన్న తూకం మిషన్ (లేకపోయినా నడుస్తుంది, ఉంటే ఎండబెట్టేటప్పుడు పనికొస్తుంది)
- కూరకు: పెద్ద ఎర్రగడ్డ ఒకటి, తెల్లగడ్డ రెబ్బలు ఆరు, పచ్చిమిరపకాయలు మూడు, చెనక్కాయల నూనె ఒక చెంచా, బుడ్డల పొడి రెండు చెంచాలు, పసుపు, ఉప్పు

1. పుట్ట మీదవి, చేని గట్టు మీదవి ముందు పక్కన పెట్టండి

పుట్టగొడుగు అన్న పేరే పుట్ట మీద లేచే గొడుగని. తొలకరి తర్వాత, సెప్టెంబరు వానల తర్వాత చెదపుట్టల మీద లేచేవాటి రుచి నాకూ తెలుసు. మా అవ్వ చేనికాడి నుంచి చీరకొంగులో కట్టుకొచ్చేది. ఆమెకు ఏ పుట్ట మీద ఏ నెలలో ఏది లేస్తుందో తెలుసు. మనకు తెలియదు. ఫోటో చూసి, ఫోన్‌లో పోల్చుకుని తేల్చే విషయం కాదిది.

వెండి చెంచా వేస్తే నల్లబడుతుందని, తెల్లగడ్డ వేసి ఉడికిస్తే రంగు మారుతుందని, పురుగు తిన్నదైతే మంచిదని, బాగా ఉడికిస్తే విషం పోతుందని చెప్తుంటారు. ఇందులో ఒక్కటీ నిజం కాదు. మనిషిని చంపే అమానిటా జాతి విషం ఉడికించినా, ఎండబెట్టినా పోదు. ఇంకా మోసమేంటంటే తిన్న 6 నుంచి 12 గంటల దాకా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఒకరోజుకు తగ్గినట్టే ఉంటుంది, లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. అడవివి తిన్నాక ఎవరికైనా వాంతులైతే ఇంట్లో మజ్జిగ తాగించుకుంటూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. మిగిలిన ముక్కో, వండిన కూరో కవర్‌లో వేసి ఆసుపత్రికి పట్టుకుపోండి. తగ్గినట్టనిపించినా డాక్టరు చూసేదాకా ఇంటికి రావొద్దు.

ఇక్కణ్ణుంచి నేను చెప్పేదంతా పెంచి అమ్మేవాటి గురించే.

2. కొనేటప్పుడు: తెలుపు చూసి మోసపోకండి

బటన్ పుట్టగొడుగు సహజంగా పాలమీగడ రంగులో, అక్కడక్కడ లేత గోధుమ మచ్చలతో ఉంటుంది. సున్నం కొట్టిన గోడలాగా ధగధగ మెరుస్తుంటే దాన్ని మెటాబైసల్ఫైట్ అనే, తెల్లగా ఉంచే సల్ఫైట్ రసాయనం కలిపిన నీళ్లలో ముంచి ఉండొచ్చు. అందరికీ ప్రమాదమని కాదు, కానీ ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి సల్ఫైట్ పడదు, ఊపిరి బిగుస్తుంది. మా ఇంట్లో ఒకరికి ఆ ఇబ్బంది ఉంది కాబట్టి కాస్త మచ్చలున్నవే ఏరుకుంటాను.

పెట్టెను తలకిందులు చేసి చూడండి. లోపల నీటి చుక్కలు కారుతుంటే వద్దు. గొడుగు కింద పొర కాడకు అతుక్కుని మూసుకుని ఉంటే లేతది. విచ్చుకుని గోధుమరంగు రెక్కలు కనబడుతుంటే ముదిరింది, అయినా తినొచ్చు, ఎండకు అదే బాగా పనికొస్తుంది కూడా. వేలితో నొక్కితే గట్టిగా తగలాలి. జిగురుగా ఉన్నా, పుల్లటి వాసన వచ్చినా వదిలేయండి.

వేసవిలో ఇంకో జాగ్రత్త. కర్నూలులోగానీ కడపలోగానీ ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటాక స్కూటర్ డిక్కీలో పెట్టుకుని ఊరంతా తిరిగి ఇంటికొస్తే బటన్ పుట్టగొడుగు సగం పాడైనట్టే. అన్ని పనులూ అయ్యాక చివర్లో కొనండి. ఆ రెండు నెలలూ పాల పుట్టగొడుగులు దొరికితే అవే తీసుకోండి. అవి 30 నుంచి 35 డిగ్రీల వేడిలో పెరిగే జాతి, కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు సాగులోకి తెచ్చారు. బటన్‌కంటే నిలవ ఎక్కువ.

3. ఇంటికి తెచ్చాక: ప్లాస్టిక్ తీసేయండి

పాలిథిన్ సంచిలో ఉంచితే అవి వదిలే తేమ బయటికి పోక, రెండోరోజుకే జిగురు పడతాయి. కాగితపు సంచిలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజులు నిలుస్తాయి. కాగితం తడిసిపోతే మార్చండి. కడిగి మాత్రం లోపల పెట్టొద్దు.

4. మిద్దె మీద అరగంట

నేను ఇదంతా రాయడానికి అసలు కారణం ఈ మెట్టే.

పుట్టగొడుగుల్లో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే అది విటమిన్ డి2 అవుతుంది. మన చర్మంలో జరిగేదానికి దగ్గరి పనే. అమ్మేవి చీకటి గదుల్లో పెంచినవి కాబట్టి వాటిలో విటమిన్ డి ఉండదనే అనుకోండి, 100 గ్రాములకు 1 మైక్రోగ్రాము కూడా రాదు. అవే మధ్యాహ్నపు ఎండకు పెడితే గంటలోపే 10 మైక్రోగ్రాములు, అంటే 400 ఐయూ (విటమిన్ డిని కొలిచే అంతర్జాతీయ యూనిట్లు), ఆ పైన కూడా తయారవుతుందని పరీక్షల్లో తేలింది. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 600 ఐయూ. చెట్ల నుంచి వచ్చే తిండిలో ఇంత విటమిన్ డి ఇచ్చేది లేదు. గుడ్డు, చేప ముట్టని ఇళ్లకు ఇది చాలా పెద్ద మాట.

ఇంత ఎండ ఉన్న ఊళ్లో విటమిన్ డి తక్కువవడమేంటని అడుగుతారు. ఎండను చూసి లోపల కూర్చునేది మనమే కదా. పొద్దున తొమ్మిదికి తలుపు వేసుకుంటే సాయంత్రం ఐదుకు గాని బయటికి రాం. మనం పోలేని ఎండకు పుట్టగొడుగులను పంపిద్దాం.

ఎలాగంటే:

ఒకటి, తడిగుడ్డతో మట్టి తుడిచి, అర సెంటీమీటరు మందాన ముక్కలు కోయండి. కోసిన ముఖానికి ఎండ ఎక్కువ తగులుతుంది. కోయడం ఇష్టం లేకపోతే కాడ పైకి, రెక్కలు ఆకాశం వైపు ఉండేలా తిరగేసి పెట్టండి. గొడుగు పైకి ఉంటే ఫలితం బాగా తగ్గుతుంది.

రెండు, ఒకదాని మీద ఒకటి పడకుండా చాటలో పరచండి.

మూడు, నేరుగా ఎండలో పెట్టండి. కిటికీ అద్దం వెనక పెడితే వేడి తగులుతుందిగానీ పనికొచ్చే కిరణాన్ని అద్దం ఆపేస్తుంది. ప్లాస్టిక్ మూత, మందపాటి గుడ్డ కూడా అంతే. ఈగల భయముంటే అరగంట పక్కన నిలబడండి, లేదంటే పల్చటి వల కప్పండి.

నాలుగు, అరగంట చాలు. మబ్బుగా ఉంటే గంట. పొద్దంతా వదిలేయొద్దు. రైబోఫ్లేవిన్ వెలుతురుకు పాడయ్యే విటమిన్. డి కోసం పోయి బి2ను పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

ఎండ సరైనదా కాదా ఎలా తెలుసుకోవాలి? మిద్దె మీద నిటారుగా నిలబడి మీ నీడ చూసుకోండి. నీడ మీకంటే పొట్టిగా ఉంటే ఎండ పనికొస్తుంది. పొడవుగా ఉంటే ఇంకా ఆగాలి, లేదా సమయం దాటిపోయింది. మన మూడు జిల్లాల్లో వేసవిలో పొద్దున తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడు దాకా నీడ పొట్టిగానే ఉంటుంది. డిసెంబరులో పదకొండు నుంచి ఒకటిన్నర దాకా. చల్లటి దేశాల వాళ్లకు చలికాలమంతా ఈ వీలు ఉండదు. మనకు ఏడాది పొడుగునా ఉంది.

ముక్కల రంగు చూసి విటమిన్ డి వచ్చిందో లేదో చెప్పలేం. కాస్త వాడి, అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి, అది గాలి తగిలినందువల్ల. అందుకే నీడనే నమ్ముకోవాలి. వండినా ఈ విటమిన్‌లో ఎక్కువ భాగం నిలుస్తుంది. డి2 ఒంట్లో డి3 అంత గట్టిగా పనిచేయదు కాబట్టి డాక్టరు విటమిన్ డి రాసిచ్చి ఉంటే అది ఆపొద్దు.

5. కడగడం

ఎండకు పెట్టాక, వండబోయే ముందు చిల్లుల గిన్నెలో వేసి, కొళాయి కింద అర నిమిషం చేత్తో తిప్పుతూ కడగండి. వెంటనే గుడ్డ మీద ఆరనివ్వండి. బలం పోయేది కడిగినందుకు కాదు, నానబెట్టినందుకు. ఉప్పునీళ్లలో, పసుపునీళ్లలో అరగంట నానబెట్టే అలవాటు మా ఇంట్లోనూ ఉండేది. బి విటమిన్లు, పొటాషియం నీళ్లలో కరిగేవే, ఆ పసుపుపచ్చ నీళ్లతోపాటు తూములోకి పోయాయి. పై పొర గోటితో వలిచేవాళ్లూ ఉన్నారు, అవసరం లేదు. కాడలు పారేయొద్దు. చివర మట్టి అంటిన అర అంగుళం కోసేస్తే మిగతాదంతా తినేదే. ముత్యపుచిప్పల కాడ మాత్రం అడుగున నారగా ఉంటుంది, దాన్ని సన్నగా తరగండి.

6. వండడం: ముందు నూనె వద్దు

పుట్టగొడుగు స్పాంజి లాంటిది. చల్లటి నూనెలో వేస్తే మొత్తం పీల్చేసుకుంటుంది. 22 కేలరీల వస్తువును మైదాలో ముంచి నూనెలో వేయించి తింటే అది పుట్టగొడుగు కూర కాదు, నూనె కూర. పండక్కి తినండి, బలం కోసమని మాత్రం అనుకోవద్దు.

బాండ్లి బాగా కాలనివ్వండి. నూనె లేకుండా ముక్కలు వేయండి. అడుగంతా ఒక్క వరస పట్టేటన్నే వేయండి, ఎక్కువేస్తే వేగవు, ఉడుకుతాయి. ఒకటి రెండు నిమిషాల్లో నీళ్లు వదులుతాయి. ఇక్కడే చాలామంది ఆ నీళ్లు వంచేస్తారు. వంచొద్దు. మీరు డబ్బులిచ్చి కొన్న బి విటమిన్లు అందులోనే ఉన్నాయి. మంట పెద్దగానే ఉంచితే నాలుగైదు నిమిషాల్లో ఆ నీళ్లు మళ్లీ ముక్కల్లోకే ఇగిరిపోతాయి.

నీళ్లు ఇగిరి, చిటపటమనే శబ్దం మొదలయ్యాక ముక్కలను ఒక పక్కకు జరిపి చెంచా చెనక్కాయల నూనె పోయండి. అందులో ఎర్రగడ్డ, దంచిన తెల్లగడ్డ, పచ్చిమిరప వేయించి, పసుపు వేసి కలపండి. ఉప్పు ఇప్పుడు వేయండి, ముందే వేస్తే నీళ్లు ఇంకా ఊరతాయి. దించబోయే ముందు బుడ్డల పొడి చల్లండి. విటమిన్ డి కొవ్వులో కరిగేది, బుడ్డల్లోని నూనె దాన్ని ఒంటికి పట్టిస్తుంది. పుట్టగొడుగుల్లో లేని ప్రోటీనూ ఆ రెండు చెంచాల పొడితో కాస్త చేరుతుంది.

సరిగ్గా వచ్చిందా అని చూసుకోవడానికి మూడు గుర్తులు. బాండ్లి వంచితే అడుగున నీళ్లు కారకూడదు. ముక్క అంచులు లేత గోధుమరంగులో ఉండాలి. కొరికితే మెత్తగా ఉండి కాస్త ఎదురుతిరగాలి. రబ్బరులాగా సాగుతుంటే మంట తక్కువై చాలాసేపు ఉడికిందని అర్థం. మెత్తటి గుజ్జయితే బాండ్లిలో ఒకేసారి ఎక్కువ వేశారు.

పచ్చివి తినొద్దు. సలాడ్‌లో పచ్చిగా కోసి వేసుకోవడం ఇప్పుడు మొదలైంది. బటన్ పుట్టగొడుగుల్లో ఒంటికి మంచిది కాదన్న అనుమానమున్న అగరిటీన్ అనే పదార్థం ఉంటుంది, వండితే బాగా తగ్గుతుంది. వీటి కణాల గోడలు కైటిన్ అనే గట్టి పదార్థంతో కట్టుకున్నవి కాబట్టి పచ్చిగా సరిగ్గా అరగవు కూడా. కొందరికి పుట్టగొడుగులు తింటే కడుపు ఉబ్బరం రావడానికి సరిగ్గా ఉడకకపోవడం కూడా ఒక కారణం కావచ్చు.

జొన్నరొట్టెలోకి ఇలా వేపుడు బాగుంటుంది. సంగటిలోకైతే కాస్త జారుగా కావాలి. అప్పుడు పప్పు ఉడికేటప్పుడు ముక్కలను పప్పులోనే వేసేయండి. నీళ్లు ఎక్కడికీ పోవు, కందిపప్పు ప్రోటీన్ దొరుకుతుంది. వంట రాని పిల్లలు కూడా చేయగలిగిన పద్ధతి ఇది.

7. ఎవరికి ఎంత

పెద్దవాళ్లకు ఒక పూటకు 100 గ్రాములు, వారానికి రెండు మూడుసార్లు. ఇది మా ఇంటి కొలత. మీ ఇంట్లో నలుగురుంటే 200 గ్రాముల పెట్టెలో పప్పు కలుపుకుని సర్దుకోండి. చిన్నపిల్లలకు రెండు మూడు చెంచాలు, చాలా సన్నగా తరిగి పెట్టాలి, ముక్క జారి గొంతులో అడ్డం పడే అవకాశం ఉంది. మొదటిసారి పెట్టేటప్పుడు కొంచెమే పెట్టి ఒకరోజు చూడండి. దద్దుర్లు, దురద వస్తే ఆపండి.

షుగర్ ఉన్నవాళ్లకు ఇది మంచి కూర. పిండిపదార్థం చాలా తక్కువ కాబట్టి పళ్లెంలో అన్నం తగ్గించి కూర పెంచుకోవచ్చు. కిడ్నీ జబ్బుండి పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు మాత్రం అడక్కుండా తినొద్దు. యూరిక్ ఆసిడ్ ఎక్కువై కీళ్లు వాచేవాళ్లు కూడా మితంగా తినాలి.

8. ఎక్కువ దొరికినప్పుడు: ఎండబెట్టి పొడి

మన గాలిలో తేమ తక్కువ. కోస్తా వాళ్లు మూడు రోజులు తిప్పలు పడే పని ఇక్కడ మార్చి, ఏప్రిల్‌లలో ఒకటిన్నర రోజుల్లో అయిపోతుంది. 3 మిల్లీమీటర్ల సన్నటి ముక్కలు కోసి, మొదటి అరగంట నేరుగా ఎండలో పెట్టండి. తర్వాత పల్చటి నూలుగుడ్డ కప్పి, వేడిగాలి తగిలే నీడలోకి మార్చండి. కారణం మీకు తెలుసు, బి2. రాత్రి లోపలికి తెచ్చేయాలి, లేకపోతే మంచుకు తేమ పడుతుంది. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు, సగం ఎండిన ముక్క బూజు పట్టేస్తుంది.

ఎండిందో లేదో రెండు రకాలుగా చూడండి. ముక్కను విరిస్తే పటుక్కున విరగాలి, వంగితే ఎండలేదు. తూకంలో 200 గ్రాములు 20 గ్రాముల దగ్గరికి రావాలి. 30 దగ్గరే ఆగితే ఇంకో పూట ఎండాలి.

మిక్సీలో పొడి కొట్టి, తడిలేని గాజుసీసాలో పోసి, మూత మీద తారీఖు రాసి పెట్టుకోండి. చెంచా పొడి 3 గ్రాముల దాకా తూగుతుంది, అంటే 30 గ్రాముల పచ్చివాటితో సమానం. రాగిపిండి ఎసట్లో పోసేటప్పుడే ఒక చెంచా కలిపితే సంగటితోపాటు ఉడుకుతుంది. కారప్పొడిలో, ఊరిబిండిలో కూడా కలపొచ్చు, అయితే అలా కలిపేముందు పొడిని బాండ్లిలో సన్నమంట మీద వాసన వచ్చేదాకా వేయించండి. పొడి చేయకుండా ముక్కలుగానే ఉంచుకుంటే, వాడేటప్పుడు వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, ఆ నీళ్లను వడగట్టి కూరలోనే పోయండి.

తరచూ జరిగే ఇంకొన్ని పొరపాట్లు

మిగిలిన కూరను బయటే ఉంచి మర్నాడు వేడిచేసి తినడం. మన వేడికి మధ్యాహ్నం వండింది రాత్రికే పాడవుతుంది. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పొద్దునకల్లా అయిపోగొట్టండి.

అంగట్లో కొన్న పొడి డబ్బా మీద "100 గ్రాములకు 25 గ్రాముల ప్రోటీన్" అని ఉంటే చూసి మురిసిపోవడం. రోజుకు ఎంత వాడమన్నాడో కూడా చదవండి. చెంచా పొడి అన్నాడంటే దాంట్లో వచ్చేది గ్రాము ప్రోటీన్ కూడా కాదు. అంతకంటే ఎక్కువ నాలుగు బుడ్డగింజల్లో రాకపోయినా, పది గింజల్లో తప్పకుండా వస్తుంది.

ఫ్రిజ్‌లో వెనక మరిచిపోయిన పెట్టె కనిపించి, ముక్కలు నల్లబడి ఉంటే తినొచ్చా అని అడుగుతారు. నలుపు ఒక్కటే అయి, గట్టిగా, మట్టివాసనతో ఉంటే ఆరోజే వండేయండి. ముట్టుకుంటే వేలికి జిగురు అంటుకుంటే మాత్రం కడిగి వాడదామనుకోకండి, పారేయండి. సీసాలోని పొడి గడ్డ కట్టినా ఇలాగే చూసి తేల్చుకోండి. గడ్డను చెంచాతో నొక్కితే పొడిపొడిగా రాలిపోయి, వాసన బాగుంటే బాండ్లిలో వేయించి వారంలోపు వాడుకోండి. తడిగా అంటుకుని, అడుగున పచ్చటి చుక్క ఒక్కటి కనిపించినా సీసా మొత్తం ఖాళీ చేసి, వేడినీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టాకే కొత్త పొడి పోయండి.